చెరో ఏడు రోజులు

మా బావ పుస్తకాలు బైండింగ్ చేస్తాడు. జిగురు పూశాక ఆరేలోగా అట్ట ఎక్కించాలి కనుక మధ్యాహ్నం భోజనం ఏ నాలుగింటికో. కడుపులో మంట లేస్తే గ్లాసుడు పాలు తాగి మళ్లీ పనిలో కూర్చునేవాడు. పక్క బల్ల దగ్గర కాగితాలు మడిచే మా అక్కదీ అదే వరస. ఇద్దరూ ఇద్దరే, చెబితే వినే రకం కాదు.

వాళ్లింట్లో ఏదొచ్చినా చెరిసగం. బన్ను కొన్నా, అరటిపండు ఒలిచినా బావ సరిగ్గా మధ్యకి కోసేవాడు. "స్కేలు తెచ్చివ్వనా బావా?" అని ఏడిపించేవాణ్ణి.

చివరికి బావని నేనే ఆస్పత్రికి లాక్కెళ్లాను. గొట్టం వేసి చూసి, కడుపులో పుండు ఉందన్నారు. కారణం కారం కాదట, కడుపు గోడని పట్టుకున్న బ్యాక్టీరియా అట. రెండు రకాల యాంటీబయాటిక్స్, యాసిడ్ తగ్గించే మాత్ర, రోజుకి రెండు పూటలు, పద్నాలుగు రోజులు.

"నొప్పి తగ్గిందని మధ్యలో ఆపకండి. మిగిలిన క్రిములు మందుకి లొంగకుండా మొండికేస్తాయి. ఇంట్లో ఇంకెవరికైనా ఇలా ఉంటే తీసుకురండి" అంది డాక్టరమ్మ.

బావ తలూపాడు. తలూపడానికేం పోయింది!

ఏడో రోజుకి మంట పోయింది. నోరు మాత్రం ఇనుము నమిలినట్టు చేదు. ఆ సాయంత్రం మిగిలిన మాత్రలన్నీ అక్క చేతిలో పెట్టాడు. "నాకు తగ్గిపోయింది. నీదీ ఇదే రోగం కదా. చెరో ఏడు రోజులు" అన్నాడట. అక్కకీ తగ్గింది. ఇక ఆస్పత్రి మాట ఎవరూ ఎత్తలేదు. ఇదంతా అప్పుడు నాకు తెలియదు.

మూడు నెలలకి ఇద్దరికీ మంట తిరగబెట్టింది. విరేచనం తారులా నల్లగా అవుతోందని అక్క బావకి కూడా చెప్పలేదు. ఒక ఉదయం కాగితాలు మడుస్తూ మడుస్తూ బల్ల మీదికి ఒరిగిపోయింది. పుండు నుంచి లోపల్లోపలే రక్తం పోతోందట. ఎక్కించిన రక్తం ఎక్కించినట్టే పోయింది. సాయంత్రానికి అక్క లేదు.

ఆస్పత్రి వరండాలో బావ మాత్రలు పంచుకున్న సంగతి చెప్పాడు. కొట్టాలన్నంత కోపం వచ్చింది నాకు. ఆ ముఖం చూశాక చెయ్యి లేవలేదు. కోపం ఇప్పటికీ ఉంది.

ఆయన ఏడవలేదు. రెండు వారాలకి మళ్లీ షాపు తెరిచాడు. పాత మందులు ఇక పనిచేయవని డాక్టరమ్మ వేరేవి రాసింది. మళ్లీ పద్నాలుగు రోజులు. నాకు నమ్మకం లేక రెండు పూటలా వెళ్లి ఎదురుగా కూర్చున్నాను. ఇచ్చినవి ఇచ్చినట్టు మింగేవాడు.

"చేదుగా ఉందా బావా?"

"తెలీడం లేదు."

బన్ను మాత్రం ఇంకా మధ్యకే కోస్తున్నాడు. రెండో ముక్క ప్లేటులో ఉండిపోతుంది. నేనే తినేస్తున్నాను, ఏం చేయను.

పద్నాలుగో రోజు సాయంత్రం ఆఖరి మాత్ర అయింది. ఖాళీ అయిన మాత్రల అట్టలన్నీ అక్క బల్ల మీద దొంతరగా పెట్టి, అంచులు సమం చేశాడు.

"మొత్తం నేనొక్కణ్ణే మింగేశానురా" అన్నాడు.