గోడౌన్లో బెల్లం పాఠం

బావా, మన ఆన్‌లైన్ కోర్సుకి వీడియో పంపడం ఆలస్యమైంది, ఏమీ అనుకోకు. మంచి బెల్లం గుర్తుపట్టడం మీద పాఠం ఈ రోజే తీద్దామనుకున్నాను. మా బెల్లం కొట్లో వేలంపాట గోల, ఇంట్లో మిక్సీ మోత. చివరికి గోడౌన్లో ఫోన్ నిలబెట్టి, వెనకున్న బెల్లం దిమ్మ ఒకటి తీసి, "ఇలా వేలు దిగబడితే పాకం కుదరనట్టే, కొనకండి" అన్నాను. ఆ దిమ్మలు వండిన నాతవరం రైతు సూరిబాబు అప్పుడే గుమ్మంలోకి వచ్చాడు.

"మామా, సూపించడానికి నా దిమ్మే దొరికిందేటి? ఊరూవాడా సూత్తారు."

"ఆ ముక్క తీసేత్తాన్లేరా."

"తియ్యకు. ఓ గట్టి దిమ్మట్టుకుని, ఇదీ సూరిబాబు వండిందేనని సెప్పు."

చెప్పేదాకా కదల్లేదు. పాఠం కాస్తా అతని బెల్లానికి ప్రకటనైంది. ఇక మళ్ళీ తీయడానికి ఎవరి సరుకూ లేని చోటంటే మీ మేడ మీద గదే. ఎప్పుడు రమ్మంటావు?