గాజులకని వెళ్లి ఆస్పత్రి బల్ల మీద దొరికిపోయాం

ఈ రోజు మొదటిసారి గర్భిణుల పరీక్షకు వెళ్లాను. మూడో నెల నిండేదాకా ఎవరికీ తెలియకూడదని, దిష్టి తగులుతుందని మా అత్తయ్య పట్టుదల. అందుకే మా పేట సీతారాండేరాలో ఎదురైన వాళ్లందరికీ "సాక్చి బజారుకి గాజులకెల్తన్నాం" అని చెప్పుకుంటూ వచ్చింది.

ఆస్పత్రిలో భయపడాల్సిందేమీ లేదు. బరువు, బీపీ చూశారు. వేలు గుచ్చి రక్తం తీశారు. మూత్రానికి చిన్న సీసా ఇచ్చారు. అది పట్టుకుని బయటికొస్తే, ఎదురు బల్ల మీద మా పక్కింటి నరసమ్మ పిన్ని, ఆమె కొత్త కోడలు. కోడలి చేతిలోనూ అదే సీసా!

"ఏటొదినా, గాజులు ఇక్కడ అమ్మతన్నారేటి?" అంది పిన్ని.

అత్తయ్య తడుముకోలేదు. "నువ్వు ఆదిత్యపూర్‌లో చుట్టాలింటికన్నావు. ఆళ్లు ఈ బల్ల మీదే ఉంతన్నారేటి?"

నేనూ ఆ అమ్మాయీ సీసాలు ఒలకకుండా నవ్వడానికి నానా తంటాలు పడ్డాం.

వీధిలో మాట పోకూడదు కదా, తిరుగు దారిలో రిక్షాలు సాక్చిలో ఆపించి మా ఇద్దరికీ నిజంగానే గాజులు కొన్నారు. ఒకే రంగు, ఒకే రకం. ఇక ఎవరికీ అనుమానం రాదని అత్తలిద్దరికీ గట్టి నమ్మకం!

డాక్టరమ్మ వచ్చే నెల మళ్లీ రమ్మంది. ఈసారి ఏం కొనడానికి వెళ్లాలో మీరే చెప్పండి.