అది లైట్‌హౌసు కాదు

చోడవరంలో మా ముందుగదిలో ఉన్న బొమ్మ గురించి బంధువులందరికీ నేను చెప్పింది అబద్ధం. అది లైట్‌హౌసు కాదు, చర్చి. వేసింది మా ఆవిడ.

పెళ్ళైన కొత్తలో భీమిలి వెళ్ళినప్పుడు సముద్రం ఒడ్డున చూసిన చర్చి అది. ఇంటికొచ్చాక తీరిక దొరికినప్పుడల్లా కూర్చుని వేసింది. మనుషులు లేరు, పడవలు లేవు. బూడిదరంగు ఆకాశం, అలల్లేని నీళ్ళు, తెల్లటి గోడలు. చివర్లో శిఖరం మీద శిలువ కోసం సన్నటి కుంచె తీసుకుని, ఊపిరి బిగబట్టి రెండే గీతలు గీసింది.

"ఇప్పుడు నిలబడింది," అంది.

కొన్నాళ్ళకి మా ఇంట్లో సత్యనారాయణ వ్రతం పెట్టుకున్నాం. పుట్టింటివాళ్ళని పిలవడానికి ఆమె చీడికాడ వెళ్ళింది. ఏర్పాట్లు చూడ్డానికి మా పెదనాన్న వచ్చి, గోడకేసి చూశాడు.

"ఏట్రా, మతం మారిపోనావేటి?"

"చర్చి కాదు పెదనాన్నా, లైట్‌హౌసు."

"మరి నెత్తి మీద ఆ సిలవేటి?"

"యాంటెనా."

"లైట్‌హౌసులో టీవీ కూడా ఉందేట్రా! నలుగురూ వచ్చే ఇల్లు. వ్రతంలోగా ఆ యాంటెనా పీకెయ్."

నవ్వుతూనే అన్నాడు. నాకే నవ్వు రాలేదు. కిటికీలకి వేయగా మిగిలిన తెల్ల ఎనామిల్ రంగు తెచ్చి శిలువ మీద పూసేశాను. వ్రతానికి వచ్చినవాళ్ళు ఆ మచ్చని దీపం అనుకున్నారు.

ఆమె మాత్రం వ్రతానికి ముందే, ఊరినుంచి రాగానే చూసింది.

"ఒక్క మాట సెప్తే నేనే తీసి లోపలెట్టేద్దును కదా. దాని మీద సెయ్యెందుకేసేరు?"

కిరసనాయిలు గుడ్డతో తుడవబోయాను. "ఒగ్గేయండి. ఉన్నది కూడా పోద్ది," అంది.

తర్వాత ఆమె కుంచె పట్టలేదు. బొమ్మని తియ్యనివ్వదు, సరిచెయ్యదు. ఎవరు వచ్చి అడిగినా, ఆమె టీ కప్పులతో పక్కనే నిలబడి ఉండగా, నేను లైట్‌హౌసనే చెప్పాలి. ఆ కాసేపూ ఆ గదికి గుమ్మం లేనట్టు ఉంటుంది నాకు. పెదనాన్న పోయాక కూడా అంతే.

మొన్న పై వాటాలోకి కొత్తగా దిగినావిడ వచ్చి బొమ్మ చూసి ముచ్చటపడింది. ఈసారి చెప్పేశాను.

"అది చర్చండీ. మా ఆవిడేసింది. నేనే పాడుసేసేను."

ఆవిడ అయోమయంగా మా ఆవిడ వైపు చూసింది.

"ఆయనకి జోకులెక్కువండీ," అంది మా ఆవిడ, ట్రే కింద పెడుతూ. "లైట్‌హౌసే. ఆయనేసిందే."

నేను మళ్ళీ నోరు తెరిచాను.

"తాగండి, సల్లారిపోతంది," అంది నా కప్పు ముందుకి జరిపి.