మా అక్క రాయని నవల

ఇంత చిన్న మాటను ఇన్నేళ్లు ఎందుకు మోశానో తలుచుకుంటే నా మీద నాకే విసుగొస్తుంది. ఆ నవల రాసింది నేను, మా అక్క కాదు. అంతే కదా? చెప్పడానికి ఒక్క ఊపిరి చాలు. చెప్పకుండా దాటెయ్యడానికి మాత్రం సగం జీవితం పట్టింది. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియనవసరం లేదు. అందుకే మీ దగ్గర నోరు విప్పుతున్నాను.

డెబ్భైల్లో ఆళ్లగడ్డ బస్టాండు వెనక నాకొక టైపు ఇన్‌స్టిట్యూటు ఉండేది. మధ్యాహ్నాలు పిల్లలు వచ్చేవాళ్లు కాదు. ఆ ఖాళీలో హత్యలు చేసేవాణ్ని, కాగితం మీదే లెండి. నా పేరుతో అచ్చయిన రెండు అపరాధ నవలలు అద్దె పుస్తకాల కొట్లలో దుమ్ము పట్టిపోయాయి. అప్పుడు ఆడవాళ్ల నవలలదే రాజ్యం. మగవాళ్లే భార్యల పేర్లు పెట్టుకుని రాస్తున్న రోజులు. ఆడపేరైతేనే మూడోది వేస్తానన్నాడు బెజవాడ పబ్లిషరు. నాకు పెళ్లి కాలేదు. అక్క పేరు పంపాను. ఆమెను అడిగానా? లేదు. పుస్తకం చేతిలో పెడితే నవ్వి ఊరుకుంటుందిలే అనుకున్నాను. నిజంగానే నవ్వి ఊరుకుంది, అదీ నా ఖర్మ.

అక్క నంద్యాలలో టీచరు. ఆదివారం చర్చిలో పాట ఎత్తుకునేది ఆమే. బావ ఉద్యోగం బయటూళ్లలో. ఇంట్లో ఆమె, శిరివెళ్ల నుంచి వచ్చి ఉంటున్న వాళ్ల అత్త. నేను వారం వారం వెళ్లి తిని వచ్చేవాణ్ని. తిన్నవాణ్ని తిన్నట్టుండక, ఆ ఇంటినే నవలలోకి ఎక్కించాను. అత్త తాగే బెల్లం కాఫీ, ఆమె ఇత్తడి గ్లాసు, చేదుగా ఉందని రోజూ పెట్టే వంక, అన్నీ. నా నవలలో కోడలు ఆ కాఫీలోనే ఎండ్రిన్ కలుపుతుంది. పత్తి చేలకు కొట్టే మందు, మా వైపు ఏ ఇంటి మూలనైనా ఉండేది. చదివేవాళ్లకు అంతా నిజంలా ఉండాలని నా తాపత్రయం. ఏం నిజం, నా తలకాయ.

పుస్తకం బాగా అమ్ముడుపోయింది. ఎనభైల మొదట్లో ఒకనాటి పొద్దున అత్త కాఫీ తాగి, లేవబోతూ కుప్పకూలిపోయింది. గుండెపోటన్నాడు డాక్టరు. అంతటితో అయిపోవాలా వద్దా? అచ్చం కోడలు రాసిన నవల్లోలాగే పోయిందని ఎవరో పోలీసుల చెవిన వేశారు. కబురంది నేను నంద్యాల చేరేసరికి వరండాలో హెడ్డు కానిస్టేబులు, ఆయన చేతిలో నా నవల. ఆ మనిషికి అపరాధ నవలల పిచ్చి. చుట్టూ బంధువులు, చర్చివాళ్లు.

"టీచరమ్మా, ఇది రాసింది నువ్వేనా?"

అక్క నా వైపు చూసింది.

"ఆయప్పను చూస్తాండావేంది?" అని ఆయన నా వైపు తిరిగాడు. "ఏమప్పా, ఈయమ్మనేనా రాసింది?"

"అవును సార్. మా అక్కనే."

ఎందుకలా అన్నాను? భయపడ్డానా? భయమైతే కొంత నయం, మనిషన్నవాడికి భయం ఉంటుంది. కానీ పొద్దున నేను ఆళ్లగడ్డలో ఉన్నాను, నన్నెవరు అనుమానిస్తారు? అదే పేరుతో ఇంకో నవల అచ్చులో ఉంది. నిజం చెప్తే అది ఆగిపోతుంది. లోపల శవం ఉండగా, అక్క నా ముఖం చూస్తుండగా, నాకు తట్టింది అదొక్కటే.

చివరికి డాక్టరు చెప్పిన గుండెపోటే రాసుకున్నాడు హెడ్డు. పోతూ పోతూ పుస్తకం మీద సంతకం అడిగాడు. అందరి ముందూ నన్ను అబద్ధాలకోరును చెయ్యలేక అక్క పెట్టింది. ఆ మహానుభావుడు దాన్ని నంద్యాలంతా తిప్పి చూపించాడు.

కేసు లేదు, కోర్టు లేదు. లోకులు పలుగాకులు, వాళ్లకు అవి అక్కర్లేదు. ఆ క్రిస్మస్‌కు చర్చిలో, తలా ఒకటి వండి తెచ్చి కలిసి తినే ప్రేమవిందుకు, అక్క ఎప్పట్లాగే వంకాయ కూర వండి తెచ్చింది. ఒక్కరూ అందులో గరిటె పెట్టలేదు. అందరూ మర్యాదస్తులే. వద్దనలేదు, పక్క గిన్నెలోంచి వడ్డించుకున్నారు. మరుసటేడు, నువ్వు పాటలు చూసుకోమ్మా, వంట మేం చూసుకుంటాం అన్నారు. హంతకుడెవరో చివరి పేజీలో చెప్పడం నా వృత్తి. అక్కడ మాత్రం నోరు పెగల్లేదు. పైగా ఆ పేరుతోనే రాస్తూ పోయాను, టీవీలు వచ్చి అద్దె కొట్లు మూతపడేదాకా.

ఇంతవరకు చెప్పింది సులువైన భాగం. ఒక ఎండాకాలం మధ్యాహ్నం బస్సు దిగి అక్క ఇంటికి వెళ్లాను. గ్లాసుడు మజ్జిగ ఇచ్చింది. నోటి దాకా తెచ్చి ఆగాను. ఎందుకాగానో తెలియదు. కాదు, తెలుసు. వాసన చూశాను. ఆ కోడల్ని, ఆ విషాన్ని నా బుర్రలోంచి పుట్టించినవాణ్ని, నేను వాసన చూశాను.

అక్క గమనించింది. గ్లాసు నా చేతిలోంచి తీసుకుని, సగం తను తాగి, మిగతాది మళ్లీ నాకిచ్చింది.

"రాసినోడివి నువ్వే నమ్మితివి. ఇంగ ఊరోళ్లనేమనేదిరా?"

తాగాను. తల ఎత్తలేకపోయాను. ఆ తర్వాత ఆమె ఆ సంగతి ఎప్పుడూ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

ఇప్పుడు అక్క లేదు. సమాధి దగ్గర పాస్టరుగారు ఆమె మంచి రచయిత్రి అని కూడా అన్నారు. వెనక ఇద్దరు ఆడవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. అప్పుడూ నేను ఊరుకున్నాను. క్షమించాల్సిన మనిషి పోయింది. మీరు క్షమించలేరు, నేను అడగను. ఈ ఒక్క మాట బయటపడితే ఈ పూటకు నాకు ఊపిరాడుతుంది. మా అక్క తన చేత్తో ఎవరికీ అన్నం తప్ప ఇంకేమీ పెట్టలేదు.