నారాయణమ్మ మామ్మ వద్దన్న గది

2023 వేసవిలో నేను అరసవల్లి వైపున్న ఒక వృద్ధాశ్రమంలో నర్సుని. డిమెన్షియా, అంటే మతిమరుపు జబ్బు ఉన్నవాళ్లను చూసుకోవడం నా పని. పాతపట్నం దగ్గర వ్యవసాయం చేసిన నారాయణమ్మ మామ్మ, చర్చికి వెళ్లే మార్తమ్మగారు కింద ఒకే గదిలో ఉండేవారు.

మామ్మ కొడుకు సూరిబాబు ఒకరోజు వచ్చి, తల్లిని మేడమీది సింగిల్ రూముకి మార్చమన్నాడు. ప్రేమతోనే అన్నాడు.

"ముందు ఆవిణ్ణి అడగాలండీ" అన్నాను.

"మాయమ్మకేటి తెలుస్తాది సిస్టరూ? పొద్దున్న తిన్నది మాపటికి గురుతుండదు."

నేనేమో పెద్ద పనిమంతురాలిలా యూనిఫాంలో, చేతిలో కాగితంతో మంచం పక్కన నిలబడి అడిగాను. "మీ ఇష్టం తల్లీ" అని మామ్మ చేతులు జోడించింది. కేర్ ప్లాన్‌లో, అంటే ఒక్కొక్కరి బాగోగులు రాసుకునే ఫైలులో, 'ఒప్పుకున్నారు' అని రాసేశాను.

మార్తమ్మగారు నన్ను కడిగేశారు. "తెల్లబట్టలోల్లు ఏటడిగినా అదలాగే అంతాది. ఎదురు సెప్పడం మర్యాద కాదని దాని బెంగ. నీకామాత్రం తెల్దేటి?"

సిగ్గేసింది. డాక్టరు ఏమడిగినా మా అమ్మమ్మా అదే మాట అనేది. ఈ ఊరి పిల్లనై ఉండి, మర్యాదను ఒప్పుకోలు అనుకున్నాను.

రాసింది కొట్టేశాను. మర్నాడు పొద్దున్న, టీ తాగి మామ్మ హుషారుగా ఉన్న వేళ చూసి, మామూలు చీరలో వెళ్లాను. చెయ్యి పట్టుకుని పైగదికి తీసుకెళ్లి మంచమ్మీద కూర్చోబెట్టాను. మామ్మ గదంతా కలయజూసింది.

"మార్తేదీ?"

"కిందే ఉంటాది మామ్మా. ఇక్కడ నువ్వొక్కదానివే."

"ఒక్కదాన్నీ ఏటి సెయ్యాల? నానుండను."

రెండో రోజూ తీసుకెళ్లాను. ముందురోజు వచ్చిన సంగతే ఆమెకు గుర్తులేదు, జవాబు మాత్రం అదే. మూడో రోజు సూరిబాబుని కూడా రమ్మన్నాను.

"గాలి బాగొస్తాదమ్మా" అన్నాడతను బతిమాలుతూ.

"గాలి కావాలంటే నువ్వుండు" అంది మామ్మ.

సూరిబాబు ఫక్కున నవ్వాడు. "సిన్నప్పుడు నన్నిలాగే కసిరీది" అంటూ కళ్లు తుడుచుకున్నాడు. మామ్మ కిందిగదిలోనే ఉంది.

దీన్ని మా వృత్తిలో 'సపోర్టెడ్ డెసిషన్ మేకింగ్' అంటారు. వాళ్ల బదులు మనం నిర్ణయించకుండా, వాళ్లే నిర్ణయించుకునేలా పక్కన ఉండడం. ట్రైనింగులో చదివాను, మామ్మ దగ్గర నేర్చుకున్నాను. అప్పట్నుంచి ఎవరినీ నిలబడి అడగలేదు, ఒక్కసారే అడిగి ఊరుకోలేదు.

నెల తిరక్కుండా ఒకరోజు, యూనిఫాంలోనే పాలగ్లాసు అందించబోయాను. "ఒద్దన్నాను గదా, ఇనబడ్నేదేటి?" అని మామ్మ నా మీద గయ్యిమంది. ఎంత గర్వపడ్డానో చెప్పలేను.