గ్లూకోజ్ ఎక్కిన కుండీలు

కరోనా వార్డులు ఎత్తేసిన ఏడాది, వానాకాలం మొదట్లో, పంజాగుట్టలో నేను పనిచేసే ప్రైవేటు ఆసుపత్రిలోనే నన్ను ట్రాన్స్‌ప్లాంట్ వార్డుకు ఇన్‌ఫెక్షన్ కంట్రోల్ నర్సుగా వేశారు. పేరు పెద్దదే. పని మాత్రం, చేతులు కడుక్కోనివాళ్లకు కడుక్కోమని చెప్పడం. కాగితం మీద నేను నర్సింగ్ సూపరింటెండెంట్ కింద మనిషిని. రిపోర్టు ఇవ్వాల్సింది ఇన్‌ఫెక్షన్ కంట్రోల్ కమిటీకి. దానికి అధ్యక్షులు మెడికల్ సూపరింటెండెంట్ డాక్టర్ శేషగిరి గారు. తప్పు ఎవరిదైనా ఆయనకే చెప్పాలి. ఆయనదైనా ఆయనకే చెప్పాలి.

కిడ్నీ మార్పిడి జరిగినవాళ్లకు, కొత్త కిడ్నీని ఒళ్లు తిప్పికొట్టకుండా, రోగనిరోధక శక్తిని మందులతో తగ్గిస్తారు. మనకు ఒక తుమ్ముతో పోయేది వాళ్లకు ప్రాణం మీదికి వస్తుంది. మట్టిలో బూజు ఉంటుంది కాబట్టి ఆ వార్డులోకి పూలకుండీ రాకూడదని నియమం. నేను చేరేసరికే నర్సుల కౌంటర్ మీద నాలుగు స్నేక్ ప్లాంట్లు కత్తులు దూసి నిలబడి ఉన్నాయి. డాక్టర్ గారు ఇంట్లో స్వయంగా పెంచి తెచ్చినవి. అవి రాత్రిళ్లు ఆక్సిజన్ ఇస్తాయని ఆయనకు ఫోన్లో వచ్చిందట. ఆక్సిజన్‌కు గోడలో పైపు ఉంది సార్ అన్నాను. కౌంటర్ కారిడార్ కిందికి వస్తుంది, వార్డు కిందికి రాదన్నారు. ఆ తేడా గాలికి తెలియదన్నాను.

"ఏంటండీ సిస్టర్ గారూ, ప్రతిదానికీ వాదిస్తారు!"

నిజమే, వాదిస్తాను. కానీ అది జవాబు కాదు. రాతపూర్వకంగా అభ్యంతరం ఇచ్చాను. కుండీలు ఉన్నచోటే ఉన్నాయి.

కొన్ని వారాలకు వార్డులో సన్నటి నల్ల ఈగలు తిరగడం మొదలైంది. ఒకటి పోయి ఒక పేషెంటు మంచినీళ్ల గ్లాసులో పడింది. ఆయన భార్య ఫోటో తీసి యాజమాన్యానికి పంపింది. బాత్రూం తూములు కడగకపోవడం వల్లే ఈగలు వచ్చాయని పైవాళ్లు కూర్చున్నచోటే తేల్చేశారు. హౌస్‌కీపింగ్ సూపర్‌వైజర్ యాదమ్మను శుక్రవారం కమిటీ కాగానే కాంట్రాక్టరుకు తిప్పి పంపాలని కాగితం తయారైంది. మా ఆసుపత్రి భాషలో తిప్పి పంపడమంటే తీసేయడం.

యాదమ్మ బల్కంపేట నుంచి వచ్చేది. నన్ను మెట్ల దగ్గర ఆపింది. "మేడం, గా తూములల్ల పొద్దుగాల ఫినాయిల్ పోస్తున్న, మాపటికి సుత పోస్తున్న. ఇంకేం పొయ్యాలె? నన్ను తీసేస్తరా?"

నాకు తెలియదన్నాను.

"మీకు తెల్వకపోతే ఇంక మీరు గీడ ఎందుకు మేడం?"

ప్రశ్న సబబుగానే ఉంది. పని మొదలుపెట్టాను.

ఈగ ఎక్కడ పుడుతోందో కనుక్కోవడానికి పాత పద్ధతి ఒకటి ఉంది. ప్లాస్టిక్ గ్లాసు లోపల నూనె రాసి తూము మీద బోర్లిస్తే, కింది నుంచి లేచిన ఈగ దానికి అంటుకుంటుంది. అన్ని తూముల మీదా బోర్లించాను. మర్నాడు ఉదయానికి గ్లాసులు శుభ్రంగా ఉన్నాయి. యాదమ్మ ఫినాయిల్ నిజంగానే పోస్తోంది.

అప్పుడు కౌంటర్ వైపు చూశాను. అమీర్‌పేటలో మా బాల్కనీ నిండా స్నేక్ ప్లాంట్లే. నీళ్లు లేక చచ్చిన స్నేక్ ప్లాంట్‌ను నేను చూడలేదు. నీళ్లు ఎక్కువై చచ్చినవి చాలా చూశాను. ఇక్కడి ఆకులు మొదళ్ల దగ్గర మెత్తబడ్డాయి, పట్టుకుంటే ఊగుతున్నాయి. మట్టిలో వేలు పెట్టాను. జిగురు. పులిసిన దోసెల పిండి వాసన. ఎవరు ఏం పోస్తున్నారని నర్సులను అడిగితే అందరూ ఫ్యాన్ వైపు చూశారు.

గురువారం సాయంత్రం ఒక కుండీని మొక్కతో సహా పారదర్శకమైన పాలిథిన్ సంచిలో పెట్టి మూతి బిగించి కట్టాను. శుక్రవారం దాన్ని కమిటీ బల్ల మీద బిస్కెట్ల పక్కన పెట్టాను. సంచి లోపల ఈగలు తిరుగుతున్నాయి. బిస్కెట్లు ఎవరూ తీసుకోలేదు.

"నీళ్లెవరు ఇంత ఎక్కువ పోశారు?" అని డాక్టర్ గారు అడిగారు.

"నీళ్లయితే ఇలా జిగురుండదు సార్."

ఆయన ఏ తడబాటూ లేకుండా చెప్పారు. "గ్లూకోజ్. నేనే. రౌండ్స్‌లో, బాటిల్స్‌లో మిగిలింది తలా కాస్త. పారబోసేదే కదా."

ఎందుకని అడిగాను. ఇంట్లో తల్లి మొక్కకు ఆకుల అంచున పసుపు చార ఉందట. దాని ఆకు కోసి నాటితే వచ్చిన ఈ పిల్లలకు చార లేదట. నీరసమేమో అనుకున్నారట.

"అంచు పసుపున్న రకాన్ని ఆకు కోసి నాటితే ఉత్త ఆకుపచ్చగానే వస్తుంది సార్. చార కావాలంటే మొక్క మొదలు దగ్గర వచ్చిన పిలకను వేరుతో సహా విడదీసి నాటాలి. మీరు వైద్యం మొదలుపెట్టేదాకా దీనికి ఏ జబ్బూ లేదు."

కమిటీలో ఉన్న మైక్రోబయాలజిస్టుకు దగ్గు వచ్చింది. ముందు యాదమ్మ కాగితం రద్దు చేయండి, టీ తర్వాత తాగుదాం అన్నాను. డాక్టర్ గారు అక్కడే కాగితం తెప్పించి కొట్టేసి సంతకం పెట్టారు. ఆ మాట కూడా చెప్పాలి. ఆసుపత్రి చెత్తకు రకానికో రంగు సంచి ఉంటుంది. కుండీలను ఏ రంగు సంచిలో పారేయాలన్న దాని మీద మాత్రం చాలాసేపు చర్చ జరిగింది. తేలలేదు. ఆటోలో ఇంటికి తెచ్చుకున్నాను.

పాత మట్టి మొత్తం దులిపి, వేర్లు కడిగి, కుళ్లిన దుంపను గట్టి భాగం తగిలేదాకా కోసేశాను. కోసినచోటు ఆరేదాకా నీడలో వదిలేశాను. తర్వాత అడుగున చిల్లున్న మట్టి కుండీల్లో ఎర్రమట్టి, ఇసుక, ఇటుక ముక్కలు కలిపి నాటాను. కుండీ దుంపకు సరిపడా ఉంటే చాలు. పెద్దదైతే తడి ఆరదు. నాటిన వారం దాకా చుక్క నీళ్లు పోయలేదు. రెండు పోయాయి, రెండు బతికాయి. బతికినవాటిలో ఒకటి యాదమ్మ తీసుకుంది.

నేను ఉద్యోగం మానేశాక ఒకసారి పంజాగుట్ట మెట్రో మెట్ల దగ్గర కలిసింది. ఇంకా అక్కడే పనిచేస్తోంది. మొక్క ఎలా ఉందని అడిగాను.

"మస్తుగుంది మేడం. పిలకలు సుత పెట్టింది."

"నీళ్లు పోస్తున్నావా?"

"యాదికొస్తే పోస్తున్న. యాదికే రాదు."

అంతకంటే మంచి పద్ధతి నాకూ తెలియదు. ఇన్నేళ్ల ఉద్యోగంలో ఆ వారం నేర్చుకున్నది ఇదీ. ఆసుపత్రిలో ఈగ కనబడితే అందరూ ముందు నేల తుడిచే మనిషిని చూస్తారు. ముందు కౌంటర్ మీద ఏముందో చూడాలి. అది ఎవరు పెట్టారో తర్వాత అడగాలి. అడగడం మాత్రం మానకూడదు.