బ్లీచింగ్ చల్లిన పెరడు

కూతురి ఉద్యోగమేమిటని చుట్టాలు అడిగితే ఏసుపాదం మాస్టారు "లాబులో" అని మాట దాటేసేవారు. మరుగుదొడ్డి ట్యాంకుల చుట్టూ మట్టి తవ్వి, మురుగు ఆ మట్టిలోకి ఊరిందో లేదో తేల్చే పిల్ల అని పెళ్ళిచూపుల్లో చెప్పుకోలేరు కదా! దయావతికి మాత్రం ఆ పనంటే గర్వమే. నడివయసు వచ్చినా, తీసిన మట్టి పాడవకుండా దాచే ఐస్‌పెట్టె ఒళ్ళో పెట్టుకుని, జయపురంలో బస్సెక్కి, ఏ ఊరు పిలిస్తే ఆ ఊరు వెళ్ళేది.

ఆ వానాకాలం కాశీపూర్ దగ్గరి ఆడపిల్లల హాస్టల్ పిలిచింది. పిల్లలకు ఒకరి తర్వాత ఒకరికి విరేచనాలు. వంటమనిషి గున్నమ్మ ట్యాంకు పక్కనే తోటకూర, కొత్తిమీర, టమాటా పెంచుతోంది. పిల్లలు తినే పచ్చి టమాటా, కొత్తిమీర పచ్చడి ఆ మడులవే. మట్టి చెడిందని తేలితే తోట మొత్తం పీకించేస్తానని వార్డెనమ్మ ముందే చెప్పేసింది. నా అనేవాళ్ళు లేని గున్నమ్మకు ఆ తోటే ప్రాణం.

దయావతి వెళ్ళేసరికి పెరడంతా తెల్లగా ఉంది. పైనుంచి ఎవరొచ్చినా దారి పొడుగునా బ్లీచింగ్ పౌడర్ చల్లడం మన దగ్గర మర్యాద. కలెక్టరుకైనా కరెంటు ఇంజనీరుకైనా అదే పూజ. గున్నమ్మ ఆ మర్యాదను దారితో ఆపలేదు. ట్యాంకు చుట్టూ, మడుల గట్ల మీదా బస్తా ఖాళీ చేసి, గుమ్మంలో ముగ్గు కూడా పెట్టింది.

దయావతికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఆ పొడి రోగక్రిములను చంపుతుంది. ఈ మట్టి తీసుకెళితే శుభ్రంగా ఉందనే తేలవచ్చు. తోట దక్కుతుంది, గున్నమ్మ దండం పెడుతుంది, పిల్లలు మాత్రం మళ్ళీ మంచం పడతారు. ఆశగా చూస్తున్న ఆ ముసలిదాని ముందు ఈ మట్టి పనికిరాదనడం కష్టమే అయింది. అయినా ఖాళీ పెట్టెతోనే తిరుగు బస్సెక్కింది.

రెండోసారి కబురు చెయ్యకుండా వెళ్ళింది. అప్పటికి వానలకు తెలుపంతా కొట్టుకుపోయింది. పల్లం వైపు తోటకూర మడి ఒకటి మిగతావాటికన్నా ఏపుగా ఉండటం చూసి అక్కడ లోతుగా తవ్వింది. పరీక్షలో ఆ మట్టీ, దాని పక్కనున్న కొత్తిమీర మడి మట్టీ చెడ్డాయని తేలింది. ట్యాంకు గోడ ఆ వైపే పగిలి ఉంది. ఎగువ మడుల్లో ఏ దోషమూ లేదు.

ఈ సంగతి ఫోన్లో చెప్పడానికి మనసొప్పక తనే వెళ్ళింది. గున్నమ్మ విని పల్లం మడుల వైపు తిరిగింది.

"అయితే ఆ పిల్లలకి నా సేత్తోనే రోగం పెట్టేనా అమ్మా?"

"నీ సెయ్యి ఏటి సేసింది పిన్నమ్మా? గోడ పగిలింది. నీ తోటకూర అంత ఏపుగా ఎదక్కపోతే ఆ పగులు ఎవులికీ దొరికీది కాదు."

వార్డెనమ్మతో వాదించి ఎగువ మడులు ఉంచేలా ఒప్పించింది దయావతి. పల్లం మడులను గున్నమ్మే పీకి పాతేసింది. మేస్త్రీ గోడ బాగుచేశాడు. పిల్లలు కోలుకున్నారు.

చలికాలంలో దయావతి మళ్ళీ మట్టి తీసింది. ఈసారి ఎక్కడా దోషం తేలలేదు. సంతోషంగా వచ్చి చెబితే గున్నమ్మ తల అడ్డంగా ఊపింది.

"ఇంకోపాలి సూడమ్మా. తోట పోతే పోనీ. పచ్చివి తినే పిల్లలు."

దయావతి గునపం అందుకుంది.